వెనక వాకిలి నుంచి ముందు వాకిలికి

మా యమున వదిన మాట వస్తే చాలు, అందరూ "ఆమెకు ఓపిక జాస్తి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఓపిక ఏమన్నా చామనఛాయ లాగా పుట్టుకతో వచ్చేదా? ఆమెకూ విసుగు వస్తుంది. వచ్చిన విసుగును ఆమె ఏం చేస్తుందో నేను దగ్గరుండి చూశాను. వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, రెండు చేతులూ నీళ్ల కింద పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడుతుంది. తర్వాత కొంగుకు తుడుచుకుని మళ్లీ వస్తుంది. అంతే.

నా సంగతి వేరు. నా పేరు చాముండేశ్వరి. హిందూపురంలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్వైజర్ని. అరవై కుట్టుమిషన్ల చప్పుడు మీద వినబడేలా అరవడమే నా ఉద్యోగం. ఆ గొంతును గేటు దగ్గర వదిలిపెట్టి రావడం నాకు చేతకాలేదు, మా ఇంటాయన్ని అడిగితే ఇంకా వివరంగా చెబుతాడు. వదిన ఉండేది ధర్మవరంలో, మా పుట్టింట్లో. మా అన్న లక్ష్మీకాంత్ గుంత మగ్గం మీద పట్టుచీర నేస్తాడు. వదిన అతుకు పని చేస్తుంది. వాళ్లతో పాటు మా అమ్మ రామాంజినమ్మ.

అతుకు పని అంటే తెలియనివాళ్లకు చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాన్ని మొత్తం ఊడదీసి పారేయరు. పాత పోగుల కొసలు అలాగే ఉంచి, ఒక్కో కొసకు కొత్త పడుగు పోగును చేర్చి, వేళ్లతో మెలిపెడతారు. ముడి వేయకూడదు. అట్లాంటివి నాలుగు వేల పైచిలుకు పోగులు. పట్టు జారిపోకుండా వేళ్ల కొసలకు జల్లించిన బూడిద అద్దుకుంటారు. తక్కువైతే పోగు జారుతుంది, ఎక్కువైతే మెలిక నిలవదు, పట్టూ మసకబారుతుంది. ఎంత అద్దుకోవాలో చెబితే వచ్చేది కాదు. మా మగ్గం మీద మా తాత నాటి నుంచి ఇట్లాగే ఒక పడుగు కొసను ఇంకొకటి పట్టుకుని వస్తోంది. మా అవ్వ అతికిన దాని కొసకు మా అమ్మ, అమ్మ అతికిన దాని కొసకు వీణ.

వీణ మా అక్క. ఇరవై రెండేళ్ల కిందట, తనకు ఇరవై ఏళ్లప్పుడు చనిపోయింది. వదిన మా ఇంటికి కోడలుగా వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. గాండ్లపెంట దగ్గర శెనక్కాయ చేలల్లో పెరిగిన పిల్ల, పట్టుపోగు చేతపట్టి ఎరగదు. అమ్మ దగ్గర కూర్చుని అతుకు నేర్చుకుంది. వీణను వదిన ఎన్నడూ చూడలేదు, గోడ మీది ఫోటోలో తప్ప.

నాయన పోయిన తర్వాత అమ్మకు మరుపు మొదలైంది. పాలలో ఉప్పు వేసేది. తిన్న అరగంటకే వాకిట్లో కూర్చుని, పోయేవాళ్లందరికీ "నాకు ఈ పొద్దు ఎవురూ కూడు పెట్టలేదు" అని చెప్పేది. వదిన చిన్న గిన్నెలో రెండు ముద్దల అన్నం కలిపి మళ్లీ తెచ్చి ముందు పెట్టేది. అన్న నేతకు చుట్టి పెట్టుకున్న పట్టు కండెల్ని అమ్మ తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచేది. అన్న మగ్గం గుంతలో నుంచి "కండెలు యాడ?" అని కేకలు పెడుతుంటే, బియ్యం కడుగుతున్న వదిన చేతికి ఎర్ర కండె తగిలేది. తడిసిన కండె ఇంక దేనికీ పనికిరాదు. మళ్లీ చుట్టాలి. కొళాయి కింద చేతులు పెట్టుకుని, వచ్చి, మళ్లీ చుట్టేది.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం ఐదు గంటలు ఒక ఎత్తు. ఐదయ్యేసరికి అమ్మ ముందు వాకిట్లో మెట్టు మీద కూర్చుని "వీణ ఇంగా రాలేదే" అనేది. మొదట్లో అన్న నిజమే చెప్పేవాడు. "వీణ లేదు కదమ్మా, సచ్చిపోయి ఎన్నేండ్లాయ." అమ్మ ముఖం చూసేవాడా లేదా నాకు తెలియదు. ఆ మాట అమ్మకు ప్రతిసారీ కొత్త కబురే. కూతురు చనిపోయిందని అప్పుడే తెలిసిన తల్లి ఎట్లా ఏడుస్తుందో అట్లా ఏడ్చేది. "ఎప్పుడు? నాకు ఎవురూ చెప్పలేదే" అనేది. రేపటికి మరిచిపోయేది. మళ్లీ ఐదు గంటలకు కూర్చునేది.

ఒక రోజు వదిన పొయ్యి మీద పాలు పెట్టి ఉంది. ముందు వాకిట్లో అమ్మ అడుగుతోంది. మగ్గం ఆగింది, అంటే అన్న చెప్పబోతున్నాడు. వదిన పొయ్యి ఆర్పి, వెనక వాకిలి తీసుకుని, సందు చుట్టూ తిరిగి, ముందు వాకిట్లోకి వచ్చి చెప్పులు విడిచింది. "వచ్చినామ్మా" అంది. అత్తా అని కాదు, అమ్మా అని.

అమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుని వేళ్ల కొసలు తన బొటనవేలితో రుద్ది చూసింది. పొద్దున అతుకు పని చేసిన చెయ్యి, గోళ్ల సందుల్లో కాస్త బూడిద ఉంది. "చేతులన్నా కడుక్కోని రావే" అని కొంగుతో తుడిచింది. లేచి లోపలికి పోయి కడుపునిండా అన్నం తిని పడుకుంది.

అప్పటి నుంచి నాలుగేళ్లు. రోజూ.

వీణ పెనుకొండ వైపు పనికి పోయినప్పుడల్లా బొరుగుల పొట్లం తెచ్చేదని నన్ను అడిగి తెలుసుకుంది వదిన. వంటింట్లో బొరుగుల డబ్బా ఒకటి పెట్టుకుంది, రోజూ ఒక పొట్లం కట్టుకుని బయల్దేరుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని అమ్మ ఏం చెబుతుందో తెలుసా? ఇంటికోడలి మీద చాడీలు. "ఆ యమున ఉండాదే, నాకు ఉప్పు కూడు పెడ్తాంది. నా కండెలు దాస్తాంది." వదిన తన మీద చాడీలు తానే విని, "నేను చెప్తాలేమ్మా దానికి" అంటుంది. ఈ ముక్క అన్న ఫోన్లో చెబితే నేను పడీ పడీ నవ్వాను.

నాకు ఆ నాటకం నచ్చలేదు. చచ్చిపోయిన మనిషిని రోజూ ఇంట్లోకి పిలవడం ఏంటి అని వదినతో పోట్లాడాను. "అమ్మను నేను తీసుకుపోతా, రెండు నెలలు పెట్టుకుంటా" అని హిందూపురం తెచ్చాను. తొమ్మిది రోజులు. అంతకంటే నా వల్ల కాలేదు. తొమ్మిదో రోజు ఫ్యాక్టరీలో మాటలు పడి ఇంటికి వచ్చేసరికి అమ్మ నా పరుపు మీద నీళ్లు పోసి, గడప మీద కూర్చుని, వీణ ఇంకా రాలేదని పక్కింటి కన్నడామెతో చెబుతోంది. "సచ్చిపోయింది, సచ్చిపోయింది, ఎన్నిసార్లు చెప్పాల" అని అరిచాను. సందంతా వినబడింది. అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని నేల మీదకు జారిపోయింది. కాసేపటికి తలెత్తి నన్ను చూసి "నువ్వెవురు తల్లీ" అంది.

అది నాకు తగిలింది. పోయిన కూతురు గుర్తుంది, బతికున్న కూతురు గుర్తు లేదు. ఆ తర్వాత మూడేళ్ల పాటు అమ్మ నోటి నుంచి నా పేరు నేను వినలేదు. మర్నాడే ధర్మవరం తెచ్చి దించాను. వదిన అమ్మ తల దువ్వి, ముఖం కడిగి, ఐదయ్యేసరికి వెనక వాకిలి గుండా పోయింది.

ఆ రోజు నేను నడిమింట్లో ఉన్నాను. వాకిట్లో ఎండ ఏటవాలుగా పడుతోంది. చెప్పులు విడిచిన చప్పుడు వినిపించి తలెత్తాను. గడప దగ్గర ఎండకు ఎదురుగా నిలబడిన మనిషి వీణ. కుడికాలు కాస్త పైకెత్తి, వేళ్లతో గడపను తాకి, అప్పుడు లోపలికి అడుగు పెట్టింది. వీణ అట్లాగే చేసేది. ఆ సంగతి నేను వదినకు చెప్పలేదు, అన్న గమనించే రకం కాదు. వాళ్ల మాటలు వినకుండానే సంచి తీసుకుని స్టేషనుకు పోయాను. ఇంకోసారి వదినే చెప్పింది, కదిరి గేటు దగ్గర ఎవరో ఎవరినో "వీణా" అని పిలిస్తే తను తిరిగి చూసిందని. నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి నెలకోసారి పోయినా, ఐదుకు ముందే బండెక్కేదాన్ని.

నాకు ఎందుకంత భయమో ఇప్పుడు చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు అమ్మ మొక్కు తీర్చుకోవడానికి కదిరి నరసింహస్వామి గుడికి పోయింది. పోతూ పోతూ "చాముండీ, పెనుకొండ అతుకుకు నువ్వు పో. వీణకు జ్వరం తగ్గి రెండు దినాలు కూడా కాలేదు" అని చెప్పింది. నాకు పదిహేడేళ్లు. అంతకు ముందు వారం పెనుకొండలో అదే మగ్గం ఇంట్లో కూలికి పోయి నేను అతికిన పోగులు జారిపోయాయి. బూడిద ఎక్కువ అద్దుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, అమ్మ ఎన్నిసార్లు వేళ్ల మీద కొట్టినా పోలేదు. ఆ ఇంటామె అందరి ముందూ నా చేతులు చూపించి నవ్వింది. మళ్లీ ఆ గడప తొక్కను అని మొండికేసి కూర్చున్నాను. వీణ నన్ను తిట్టలేదు. "సరేలే, నువ్వు అన్నం వండు" అని చెప్పులేసుకుని పోయింది. తిరిగొచ్చేటప్పుడు జీపు బోల్తా పడింది.

రావాల్సింది సాయంత్రం ఐదుకు.

నేను ఎందుకు పోలేదని అమ్మ అడగలేదు. ఆ రోజు కాదు, తర్వాత ఎప్పుడూ కాదు. అడిగితే ఏం చెప్పాలో నేను ఏళ్ల తరబడి తయారుచేసుకుంటూనే ఉన్నాను. అడగలేదు. పెళ్లయి హిందూపురం పోయాక ధర్మవరం రైలెక్కిన ప్రతిసారీ, పెనుకొండ కొండ కనబడే వేళకు కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటాను. అతుకు పని మళ్లీ ముట్టలేదు.

ఈ వేసవిలో గాండ్లపెంటలో వదిన మేనకోడలి పెళ్లి. నాలుగేళ్లలో వదిన ఒక్క రాత్రి కూడా ఇల్లు కదలలేదు. "రెండు దినాలు నువ్వు వచ్చి ఉంటావా" అని ఫోన్లో అడిగింది. లేదు అనడానికి నోరు రాలేదు. బండెక్కే ముందు నన్ను వంటింట్లో నిలబెట్టి మెల్లగా చెప్పింది.

"బొరుగులు కట్టి పెట్టినా. ఐదు కొట్టినాంక వెనక వాకిలి నుంచి పో. సందులో ఎవురన్నా పలకరిస్తే నిలబడొద్దు. చెప్పులు చప్పుడయ్యేట్లు ఇడువు. చెయ్యి పట్టుకుంటాది, పట్టుకోనీ. వేళ్లకు బూడిద మరసొద్దు, చాముండీ. అది లేకుంటే నమ్మదు."

"నిజం చెప్పేస్తే ఏమైతాది వదినా?"

వదిన నా ముఖం చూసింది. "నువ్వు చెప్పి చూసినావు కదా" అంది. అందులో దెప్పిపొడుపు లేదు.

అన్నా వదినా బైకు మీద పోయారు. ఆ పగలంతా అమ్మ నన్ను ఏడిపించింది. మడిచిన చీరలన్నీ విప్పి కింద పరిచింది. అన్నంలో నీళ్లు పోసింది. నాలుగుసార్లు నేనెవరని అడిగింది. మూడోసారి నా గొంతు లేచింది. అమ్మ చెయ్యి చెవి దగ్గరికి పోవడం చూసి నోరు మూసుకుని కొళాయి దగ్గరికి పోయాను. వదిన చేసినట్టే చేతులు నీళ్ల కింద పెట్టుకున్నాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. దాంతో ఏం పోతుందో నాకు అర్థం కాలేదు, కానీ నాలుగోసారి అడిగినప్పుడు "హిందూపురం నుంచి వచ్చినా అవ్వా" అని పరాయి మనిషిలా మామూలుగా చెప్పగలిగాను.

ఐదు కొట్టింది. "వీణ ఇంగా రాలేదే" అంది అమ్మ.

మగ్గం పక్కన కొబ్బరిచిప్పలో బూడిద ఉంటుంది. వేళ్లు ముంచాను. వెనక వాకిలి తీసి సందులోకి నడిచాను. రెండు వైపులా ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. ఎవరూ నా వైపు చూడలేదు. సగం దూరం వచ్చాక ఒక సంగతి తట్టి కాళ్లు ఆగిపోయాయి. ఆ రోజు వీణ నడవాల్సి ఉండి నడవని నడక ఇదే. జీపు దిగి, ఈ మలుపు తిరిగి, పొట్లం పట్టుకుని ఇంటికి రావాలి. రాలేదు. నాలుగేళ్లుగా దాన్ని వదిన నడుస్తోంది. అసలు నడవాల్సింది నేను.

ముందు వాకిట్లో చెప్పులు విడిచాను. "వచ్చినామ్మా" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ల కొసలు రుద్దింది. తుడవలేదు. మళ్లీ రుద్దింది. బూడిద పొడిపొడిగా తన ఒళ్లో రాలింది. అమ్మ కళ్లెత్తి నన్ను సూటిగా చూసింది.

"ఇంత బూడిదేందే? ఎన్నిసార్లు చెప్పినా వినవు కదా చాముండీ."

నేను మెట్టు మీద కూలబడ్డాను. నా పేరు. మూడేళ్ల తర్వాత, నా తప్పును పట్టుకుని నన్ను గుర్తుపట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అమ్మ మాత్రం సందు వైపు చూసి, మళ్లీ నన్ను చూసి, ఏదో లెక్క కుదరనట్టు ముఖం పెట్టింది.

"నువ్వు ఈడనే ఉండావే. మరి పెనుకొండకు పోయింది ఎవురు?"

ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన ప్రశ్న. తయారుచేసుకున్న జవాబులు ఒక్కటీ గుర్తు రాలేదు.

"వీణ పోయిందమ్మా. నువ్వు నన్నే పొమ్మంటివి. నేను పోనని కూచుంటి. అది జ్వరంతో పోయింది."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదే. నువ్వు పోతానని బయల్దేరితే అదే నిన్ను ఆపినాదంట. 'నా చెల్లెలికి ఆ ఇంట్లో మాట పడేది నాకు ఇష్టం లేదమ్మా, నేనే పోతానంటి' అనె."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్తారు? వీణనే చెప్పినాది."

ఆ ఇంటామె నన్ను నవ్విన సంగతి అమ్మకు నేను చెప్పలేదు. నాయనకు చెప్పలేదు. మా ఇంట్లో అది తెలిసింది వీణకు ఒక్కదానికే. అమ్మ నా వేళ్లు ఒక్కొక్కటీ కొంగుతో తుడిచింది. "కూచో, వస్తాదిలే" అంది. పొట్లం విప్పి బొరుగులు నాకు సగం పెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరం మెట్టు మీదే కూర్చున్నాం. మలుపులో చెప్పుల చప్పుడు అయిన ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి తలతిప్పాం.

మర్నాడు నాలుగు దాటాక వదిన వచ్చింది. అమ్మకు అప్పటికే నేను ఎవరో తెలియదు. వదిన చీర కూడా మార్చుకోకుండా గిన్నెలు తోముతుంటే నేను వంటింటి తలుపుకు ఆనుకుని అంతా చెప్పాను. వీణ చెప్పిందంట, అన్నాను.

వదిన కొళాయి కట్టేయలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"రోజూ అడుగుతాది చాముండీ. కూచున్న ఐదు నిమిషాలకు అడుగుతాది. 'నీకు జ్వరమని చెల్లెల్ని పొమ్మంటే నువ్వెందుకు పోతివే' అని. మొదటి దినం నాకేం చెప్పాలో తెలీలేదు. నేనే పోతానన్నా అని చెప్పినా. ఊరుకున్నాది. రోజూ అదే చెప్తాండా."

"ఆ ఇంట్లో నన్ను నవ్వింది నీకెట్లా తెలుసు?"

"నాకేం తెలుసు? అతుకు మీద మాట పడితే ఎట్లుంటాదో నాకు తెలుసు. చేను పనికి పోయిన పిల్లను, కొత్తలో నేను పడలేదా? మనసుకొచ్చింది చెప్పినా."

"నేను పోనన్నానని నీకెట్లా..."

వదిన తోమిన చెంబు బోర్లించింది. "ఇన్నేండ్లలో నువ్వు పెనుకొండ పేరు ఎత్తింది నేను వినలే. దాన్ని బట్టే అనుకున్నా" అంది.

నాలుగేళ్లు. నేను ఈమెతో పోట్లాడిన రోజు కూడా, అమ్మ మీద అరిచి తెచ్చి దించిన రోజు కూడా, సాయంత్రం ఐదింటికి పోయి, ముఖం కూడా చూడని మనిషి గొంతుతో, నా తరఫున అబద్ధం చెప్పింది. ఒక్కరోజు కూడా నాతో అనలేదు. నేను నిన్న ఆ మెట్టు మీద కూర్చుని దాన్ని ఒక్క మాటతో తీసేయబోయాను, అమ్మే నమ్మలేదు.

నేను కొళాయి కట్టేశాను. ఐదు కావస్తోంది. వదిన చిప్పలో బూడిద అద్దుకుంది, చిటికెడే. డబ్బాలో నుంచి బొరుగులు పొట్లం కట్టుకుంది. రైలుకు టైమవుతోంది కదా అన్నట్టు నా వైపు చూసింది. నేను సంచి తీసుకోలేదు. వదిన వెనక వాకిలి తీసుకుని బయటికి పోయింది.

నేను ముందు వాకిట్లోకి పోయి మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవురమ్మా నువ్వు? ఈడ కూచున్యావే."

"వీణ కోసం వచ్చినా."

"నేనూ దాని కోసమే" అంది అమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ. "ఇట్లా జరుగు, ఆడ ఎండ పడ్తాది."